ఉప్పు ఎక్కువైంది

కుల్దీగాలో, వెంటా నది ఒడ్డున,
జెంటా కాగితాలకు వయసు పోస్తోంది.
చిక్కటి టీ డికాక్షన్‌లో ముంచి
పొయ్యి పక్కన తీగ మీద ఆరేస్తోంది.
అంచుల్ని కొవ్వొత్తికి చూపించి
అంటుకునేలోగా లాగేస్తోంది.
గంటలో నూరేళ్ళు!

ఎన్నడూ లేని మందుల షాపు పేరు,
ఎవరూ తాగని దగ్గు మందు,
వంకీల అక్షరాలు, నల్లసిరాతో ఓ కొంగ.
మైదా జిగురు రాసి
సీసా బుగ్గ మీద అతికించి
అరచేత్తో అదిమి చూస్తుంది,
జ్వరం చూసినట్టు.

నేలమాళిగలోంచి తెచ్చినవి పదకొండు సీసాలు.
పదింటి పాత చీటీలు వేణ్ణీళ్ళకే ఊడొచ్చాయి.
పదకొండోది
గోటికీ లొంగలేదు, కత్తికీ లొంగలేదు.
పెన్సిల్ రాత, అక్క మిల్డాది:
"దోసకాయలు. డెబ్భై నాలుగు. ఉప్పు ఎక్కువైంది."

మిల్డా చెంచాతో కొలిచే మనిషి కాదు,
గుప్పిటే లెక్క.
ఆ చలికాలమంతా
ఆ ఉప్పు మీదే పోట్లాడుకున్నారు ఇద్దరూ.
తిన్నారు కూడా, అడుగున మిగిలిన ముక్క దాకా.

సరే, ఉండనీ అనుకుని
అందులోనూ నీళ్ళు పోసి
గడ్డిచామంతులు గుచ్చింది,
మధ్యలో రెండు నీలి కార్న్‌ఫ్లవర్లు.

శనివారం సంతలో
రీగా నుంచి వచ్చిన ఓ అమ్మాయి
ఒక్కో సీసా ఎత్తి చూసి మురిసిపోయింది.
"అబ్బ, ఎంత పాతవో!"
పదింటికీ బేరం కుదిరింది.
పదకొండో దాని దగ్గర పెదవి విరిచింది:
"ఇదొక్కటే... నిన్న రాసినట్టుంది."

చిల్లర లెక్కపెడుతూ
జెంటా అవునంది.
నిన్ననే.