యాభై కౌంట్

విడవలూరు సెంటర్లో మేత కొట్టు పైన గది నాది.
కింద బస్తాల వాసన. పైన ఫ్యాను, నేను,
రొయ్యల రేట్లు చూపించే మా సర్వరు.
"ఎవుడో తింటా ఉండాడు దాన్ని.
పొద్దున ఆరింటికి పేజీ తెరుచుకోవడంలా.
ఎవుడో చూడు కామాక్షీ" అన్నాడు మాలకొండయ్య,
బస్తాల సందులో ఎలకని వెతకమన్నట్టు.

లాగ్ ఫైలు తెరిచాను. పదకొండు లక్షల వరసలు.
వచ్చినవాళ్ళ నంబరు, వచ్చిన వేళ, అడిగిన పేజీ,
ఇచ్చిన జవాబు, దాని బరువు.
మనిషి పేరు తప్ప అన్నీ రాసుకునే గుమాస్తా అది.

మునుపైతే కళ్ళు కాయలు కాచేలా ఏరేదాన్ని.
ఇప్పుడు నల్ల తెర మీద ఒక్క కమాండు కొడితే
ఆ ఫైలే పట్టికై కూర్చుంటుంది,
అడిగిందానికి బదులు చెప్తుంది.
సెలెక్ట్ అంటే ఏరు. ఫ్రమ్ అంటే ఇందులోంచి.
వేర్ అంటే, ఇట్టాంటివి మాత్రమే.
గ్రూప్ బై అంటే
వలలో పడ్డదాన్ని సైజులవారీగా గంపల్లో పొయ్యడం.
కౌంట్ అంటే మాత్రం ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు:
కిలోకి యాభై తూగితే యాభై కౌంట్, వంద తూగితే వంద.
అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది,
రైతు ఇంకా చిన్న.

నంబర్లవారీగా లెక్కపెట్టి పెద్దది పైన పెట్టమన్నాను.
పై ఆరూ మరమనుషులు.
ఏ దేశానివో, రొయ్య ముట్టవు, ప్రతి పేజీ నాకిపోతాయి.
వాటిని తీసేసి
మిగిలినవాళ్ళని గంటలవారీగా పొయ్యమన్నాను.

ఆరింటికి ఒక కుప్ప. తెలిసిందే, రేట్లొచ్చే వేళ.
మూడింటికి ఇంకో కుప్ప.
తెల్లారుజామున మూడు, ఏ రేటూ మారని వేళ.
టైము లండన్‌దేమో అని సర్వరు గడియారం చూశాను.
మనదే.
అప్పుడు తట్టింది. చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే వేళ అది.
కరెంటు పోతే జనరేటరు తిప్పాలని
గట్టు మీద మంచాలేసుకుని మేలుకునుంటారు.
చేతిలో ఫోను. చెయ్యడానికింకేం లేదు.

అందులో ఒకరు. నంబరు వెనక వందమంది ఉండొచ్చు గానీ
అంత పాత మోడలు ఫోను ఒక్కటే.
రెండూ యాభై నుంచి నాలుగూ పది దాకా
యాభై కౌంట్ పేజీ, నలభై ఆరు సార్లు.
నలభై ఆరు సార్లూ జవాబు రెండొందలు.
రేటు కాదు, సర్వరు భాషలో సరే అని.
అదే జవాబు, అదే బరువు.
ఆ వారం రేటు దిగింది. అది లాగ్‌లో ఉండదు, నాకు తెలుసు.

"రాత్రిపూట ఊరికే తిప్పేవాళ్ళని ఆపెయ్" అన్నాడు మాలకొండయ్య.
మరమనుషుల్ని ఆపాను.
అయిపోయిందన్నాను.

పంతొమ్మిదో తేదీ నుంచి ఆ ఫోను లేదు.
పనిలేకపోయినా రోజూ అడుగుతున్నాను. సున్నా వరసలు.
పట్టుబడి అయిందో, తెల్లమచ్చే వచ్చిందో.
ఎందుకు అనే మాటకి
ఇందులో కమాండు లేదు.

తొమ్మిదో రోజు పగలు పదకొండున్నరకి ఒక వరస.
రేట్ల పేజీ కాదు, పాత సామాన్లు అమ్ముకునే పేజీ.
ఫోటో పంపబోతే నాలుగొందల పదమూడు:
మరీ పెద్దది, పట్టదు.
మళ్ళీ. నాలుగొందల పదమూడు.
మళ్ళీ.

ఆ హద్దు పెట్టింది నేనే,
ఒక మెగాబైటు చాలులే అని.
పదికి పెంచి, సర్వరుని మళ్ళీ లేపి కూర్చున్నాను.
సాయంత్రం దాకా రాలేదు.
అన్నం తిని వచ్చేసరికి ఉంది, రెండొందల ఒకటి.

నాలుగు ఏరియేటర్లు, రెక్కలకి ఎండిన నాచు.
పక్కన నిలబెట్టిన నులకమంచం.
మంచం అమ్మేది కాదు, అని కింద రాసుంది.
దాని కింద పేరు:
పామంజి పోలమ్మ.

ఈ రాత్రి మూడింటికి మెలకువొచ్చింది నాకే.
చీకట్లోనే కమాండు కొట్టాను.
సున్నా వరసలు.
పడుకోనీ.