గేటు పడింది టీచర్

బ్రాడీపేటలో ఎవరూ తప్పిపోరు.
నిలువునా లైన్లు, అడ్డంగా అడ్డరోడ్లు.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే చాలు
కొరియర్ కుర్రాడు కళ్ళు మూసుకుని వచ్చేస్తాడు.

కెజియా మాత్రం
మా మేడమెట్ల దాకా వచ్చి తప్పిపోతుంది.
ఒక చెప్పు విప్పి, రెండోది విప్పబోతూ
పిట్టగోడ మీది చీమలబారు వెంట వెళ్ళిపోతుంది.
పదకొండేళ్ళు.
నోటిలెక్క మెరుపు, కాగితం మీద కాలు జారుతుంది.
ఈ ఏడు పోయినవి రెండు జామెట్రీ బాక్సులు, ఒక గొడుగు,
టిఫిన్ డబ్బా మూతలు మూడు.
మూతల లెక్క వాళ్ళమ్మ మరియమ్మది.
మిర్చియార్డులో తాలుకాయ ఏరే వేళ్ళని
ఒక్కొక్కటే మడిచి చెబుతుంది.
"బద్దకమండీ. పొగరని కూడా అన్నారు స్కూల్లో."

నా దగ్గర మందేం లేదు. ఓ చార్టు పరిచాను.
సాయంత్రాన్ని బ్రాడీపేట చేద్దామే అన్నాను.
ఒకటో లైను చెప్పులు, రెండూ.
రెండో లైను కాళ్ళు కడుక్కోవడం.
మూడో లైను డబ్బా, మూతతో సహా.
నాలుగో లైను హోంవర్కు.

పదిరోజులకి తెచ్చింది చార్టు,
పసుపు మరకతో, కారం వేలిముద్రతో.
మూడుకీ నాలుగుకీ మధ్య ఎర్ర స్కెచ్చు గీత.
"ఇదేంటే?"
"శ్యామలానగర్ గేటు టీచర్.
పుస్తకం ఎదురుగానే ఉంటది. తియ్యాలని తెలుసు.
కానీ గేటు పడుద్ది.
అమ్మ వెనకనించి హారన్ కొడుద్ది."

గోడకి నా సర్టిఫికెట్లు నాలుగున్నాయి.
ఒక్కదాంట్లోనూ ఈ మాట లేదు.

మరి గేటు పడితే జనం ఏం చేస్తారు?
చాలాసేపు ఆలోచించింది.
నేను గడియారం చూడలేదు.
చూశాను, అబద్ధమెందుకు.
"బండి ఆపేస్తారు. శెనక్కాయలు కొనుక్కుంటారు.
రైలుపెట్టెలు లెక్కపెడతారు.
కొందరు కిందనించి దూరతారు, అది తప్పు."

అదే రాసుకున్నాం, దాని అక్షరాల్లోనే, వంకరగా.
ఇంజిను ఆపు. ఇరవై పెట్టెలు లెక్కపెట్టు.
ఆ తర్వాత కూడా పుస్తకం కాదు,
పెన్నుమూత తియ్యి. అంతే.
మరియమ్మకి వేరే చీటీ:
హారన్ వద్దు. పక్కన నిలబడు.
చీటీ మడిచి జాకెట్లో దోపుకుంటూ, నన్ను చూడకుండా,
"నాకూ పడుద్దండీ ఆ గేటు" అంది.

మొన్న మంగళవారం
ముప్పావు పేజీ రాసుకొచ్చింది పిల్ల.
చివరి వాక్యానికి చుక్క కూడా పెట్టింది.
పెన్నుమూత ఎక్కడో పోయింది.
మరియమ్మ నాలుగో వేలు మడవబోయి
ఆగి,
ఆ చేతిని కొంగుకి తుడుచుకుంది.