పత్తా

కాలికి బలపం కట్టుకుని తిరుగుతాననుకుంటారు జనం.
తిరగను. కూర్చుంటాను.
హాలిఫాక్స్ రేవుకి రెండు వీధుల ఎగువన
కింద చేపల కొట్టు, పైన నేను.
నా ఫైళ్ళకి కూడా కాడ్ చేప నీచు.

మాయమవడం పెద్ద విద్యేం కాదు.
ఫోను సముద్రంలో పడేస్తాడు, గడ్డం పెంచుతాడు,
అమ్మమ్మ పుట్టింటి పేరు తగిలించుకుని
చిల్లర లెక్కపెట్టి టికెట్ కొని
ఏదో బస్సెక్కుతాడు.
తొమ్మిది నెలలు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు.
పదో నెలలో పన్ను సలుపుతుంది.
పన్ను, అద్దె బాకీ, కుక్కకి సూదిమందు,
పాత ఊరి హాకీ జట్టు గెలిచిన రాత్రి నోరు జారిన ఒక్క కేక:
ఇరవై రెండేళ్ళుగా నాకింత కూడు పెడుతున్నవి ఇవే.

నవంబరులో మర్టిల్ జ్విక్కర్ వచ్చింది.
కోటు విప్పలేదు.
అన్న లోర్న్, యాభై నాలుగేళ్ళు, పడవ ఇంజన్ల మెకానిక్,
లూనెన్‌బర్గ్ నుంచి ఐపూ అజా లేకుండా పోయాడంది.
ఫోటో ఇచ్చింది. మొహం నేను చూడను,
మొహాలు మారతాయి.
ఏం పట్టుకెళ్ళాడని అడిగాను.
"ఏమీ లేదు. చొక్కాలన్నీ ఉన్నాయి. పనిముట్లున్నాయి.
పెరట్లో పన్నెండు గుంటలు తవ్వి వదిలేశాడు, పిచ్చిమనిషి."

పన్నెండు గుంటలు.
ఆమె వెళ్ళాక చాలాసేపు దీపం వెయ్యలేదు.
పారిపోయేవాడికి తొందరుంటుంది.
ఇతను మొదటి మంచు కాటేసి ఆకులు నల్లబడేదాకా ఆగాడు,
డాలియా దుంపలు తవ్వడానికి అదే అదను.
మట్టి దులిపి, పెట్టెలో ఇసుక పోసి పేర్చి,
ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి ఉంటాడు.

నీ దుంప తెగ, లోర్న్,
నీ జాడ నువ్వే మోసుకుపోయావు!

శీతాకాలమంతా ఫోను.
విత్తనాల కొట్లు, పూల సంఘాల గుమస్తాలు,
ఎముకల ఎరువు అమ్మే ముసలాయనకి చెవుడు,
ఒకటికి నాలుగుసార్లు అరవాలి.
అబద్ధాలూ ఆడాను, కాసేపు తోటమాలిని, కాసేపు మేనకోడలిని.
డబ్బు తీసుకుని ఆడే అబద్ధానికి గొంతు వణకదు.
వణకడం ఎప్పుడు మానేసిందో గుర్తులేదు.
ఎంత తీగ లాగినా డొంక కదలలేదు.
మర్టిల్ ఇచ్చిన అడ్వాన్సు ఏప్రిల్‌కే అయిపోయింది.

సెప్టెంబరులో, కేప్ బ్రెటన్ దీవిలో,
చెటికాంప్ చర్చి హాల్లో పూల పోటీ.
చివరి బల్ల మీద సీసాలో ఒకే పువ్వు,
ఎండిన నెత్తురంత ఎరుపు, అంచులకి పసుపు,
పెంచినవారి పేరు దగ్గర ఖాళీ.
ఆ ఖాళీ ముందు నిలబడ్డాను.
పక్కనొచ్చి నిలబడ్డాడు, గ్రీజు ఎక్కిన గోళ్ళతో.

"ఎవరు పంపారు?" అనలేదు.
దొరికిన ప్రతి మనిషీ ముందు అడిగేది వేరే:
"ఎక్కడ తప్పు చేశాను?"

నిజం చెబితే
ఈసారి దుంపల్ని మట్టిలోనే కుళ్ళనిచ్చి పోతాడు.
"పన్ను," అన్నాను. "పళ్ళ డాక్టరు రసీదు."
నాలుకతో దవడ తడుముకున్నాడు,
ఆట పోయిన పేకాటగాడిలా తలాడించాడు.
చెల్లెలికి చిరునామా ఇవ్వనా అంటే వద్దన్నాడు.
వద్దన్నవాడిది ఇవ్వను.
ఎందుకొచ్చేశావని అడగను, ఎవరూ దానికి డబ్బు కట్టలేదు.

రిపోర్టు మూడు వాక్యాలు.
బతికే ఉన్నాడు. ఆరోగ్యం బాగుంది. కలవడానికి ఇష్టపడలేదు.
మర్టిల్ రెండుసార్లు చదివి, మడిచి,
గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.
"ఆ గుంటలు పూడ్చెయ్యనా మరి?"

మూడు వాక్యాల్లో దానికి జవాబు లేదు.
కింద కొట్లో ఎవరో పొలుసు గీకుతున్నారు.
ఉంచమన్నాను.