ఖాళీ గీతలు

పర్లాకిమిడి కోర్టు వీధిలో
జిరాక్స్ దుకాణం మేడమీద గది నాది.
కిటికీ కింద మా చినతాత నీలాచలం కూర్చున్న బల్ల.
దాని కాలొకటి ఇప్పటికీ కురచే.

ఆయన దస్తావేజులు రాసేవాడు.
నమూనా ఒక్కటే, ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి,
మధ్యమధ్య ఖాళీ గీతలు.
ఫలానా వారి కుమారుడు ______
తూర్పున గట్టు ______
పడమట వాగు ______
"ఎలగ దున్నాలో మనం రాయకూడదమ్మీ.
ఏది ఎవుడిదో రాయాల.
దున్నీవోడు దున్నుకుంతాడు."
పెన్సిలు తడిపి తడిపి
ఆయన నాలిక ఎప్పుడూ ఊదా రంగే.

నాదీ అదే పని.
కాగితం బదులు యామల్,
అంగుళం మార్జిన్ బదులు రెండు ఖాళీలు.
ఒక ఖాళీ జరిగితే చాలు
మొత్తం చెల్లదు పొమ్మంటుంది,
సబ్ రిజిస్ట్రారు కన్నా మొండిది.

పేరు: మందుల నిల్వ.
ప్రతులు: మూడు.
మెమరీ: ఇంతకు మించరాదు.
ఊపిరి ఉన్నదీ లేనిదీ పది సెకన్లకోసారి చూడవలెను.
సెరంగోకి ఒక చీటీ, నువాగడకి ఒకటి, మోహనకి ఒకటి,
టెంప్లేటు అదే, గీతల మీద పేర్లే వేరు.
ఎలా అని అడగదు క్లస్టర్.
ఎంత ఉండాలో చెప్తే చాలు,
ఒక పాడ్ పోతే ఇంకొకటి పుట్టిస్తుంది.
ఏడవదు, బారసాల చెయ్యదు,
పాత పేరుకే తోకగా అయిదక్షరాలు అతికించి
పనిలోకి తోలేస్తుంది.

శ్రావణంలో ఒక రాత్రి
కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి,
పదకొండుంపావుకి కొత్త వెర్షన్ ఎక్కించాను.
మూడుకి మూడూ పచ్చ.
టీ పెట్టుకుందామని లేచాను.

ఫోను. సెరంగో నర్సు సుభాసిని శబర.
తెలుగులో మొదలై ఒడియాలోకి జారి
నడుమ సొర మాటొకటి, అది నాకు తెలీదు,
తెలియాల్సింది తెలిసింది.
"దిదీ, మీ తెరమీద పాము మందు ఆరు సీసాలు.
ఇక్కడ ఫ్రిజ్జులో ఒక్కటీ లేదు.
కట్లపాము. పిల్లాడికి తొమ్మిదేళ్లు."

ఆరు.
జూన్‌లో ఎవరో గీత మీద రాసిన ఆరు.
నా పాడ్‌లు మూడూ నిండు ఆరోగ్యంతో
ఒకే అబద్ధాన్ని మూడు ప్రతుల్లో చెబుతున్నాయి.

క్లస్టర్‌లో ఒక కాపలాదారు ఉంటాడు.
రాసిందీ ఉన్నదీ పక్కపక్కన పెట్టుకుని
తేడా పూడేదాకా కన్ను మూయడు.
సెరంగో ఘాటీకి ఎవడున్నాడు?

కింద జిరాక్స్ తవిటినాయుడున్నాడు.
పడుకున్నవాడు లేచి
చేపల థర్మకోల్ పెట్టె కడిగి ఐసు పోశాడు.
పెద్దాసుపత్రి స్టోరు తాళం కోసం
ఒక మనిషిని మేం నిద్రలేపిన తీరు ఇక్కడ రాయను.
పది సీసాలు, మీద గోనె, బండి, వాన.
అటునుంచి జీపులో సుభాసిని,
ఒళ్లో పిల్లాడు, చేతిలో గాలితిత్తి,
నొక్కుతూ, లెక్కపెడుతూ, నొక్కుతూ దిగింది.
గుమ్మ ఆసుపత్రి వరండాలో రెండు దీపాలూ ఎదురయ్యాయి.

పిల్లాడు ఉన్నాడు.
పేరు అడగడం మరిచానని తవిటినాయుడు ఇప్పటికీ బాధపడతాడు.

తెల్లారి బల్ల సొరుగు లాగాను.
తాత నమూనా, అంచులు చెదలు తిన్నది.
హద్దులన్నీ అయ్యాక, అట్టడుగున
నేనెప్పుడూ చదవని రెండు గీతలు:
సాక్షులు
1. ______
2. ______

నా టెంప్లేట్‌లో సాక్షి లేడు.
రెండు వరుసలు దించి, ఖాళీలు ఒకటికి రెండుసార్లు ఎంచి
కలిపాను:
కళ్లారా చూసినవారు.
చూసిన వేళ.

సాయంత్రానికి మొదటి చీటీ వచ్చింది.
చూసినవారు: సుభాసిని శబర.
వేళ: నాలుగుంబావు.
సీసాలు: సున్నా.
తెర ఎర్రబడింది.
నేను ఫోను తీశాను.