బిరడాలు

సాలూరులో లారీలకు బాడీలు కట్టే వీధి చివర
పైల గుంపస్వామి షెడ్డులో
క్లచ్చు విప్పి గోనెపట్టా మీద పరిచిన రోజు.
పళ్లెం చుట్టూ గుంటలు,
గుంటల్లో మాడిపోయిన నల్లటి ముక్కలు.
గిల్లితే పొడి.
"ఇది ఇనుము కాదు బావూ, సెట్టు బెరడు.
తెల్లోడు క్లచ్చులో బెరడెట్నాడు.
ఇప్పుడీ సరుకు ఏ ఊర్నించి తెత్తాం?"

నేను చీపురుపల్లి ఆసుపత్రిలో కాంపౌండర్ని.
ఎర్ర మందు, దగ్గు మందు, కడుపునొప్పి నీళ్లు
ఇరవయ్యేళ్లు సీసాల్లో పోసి
బిరడాలు బిగించిన చేతులివి.
ప్లాస్టిక్కు మూతలొచ్చాక
స్టోరుగదిలో మిగిలిన డబ్బాను ఎవరూ అడగలేదు.
నేనడిగాను.
'పనికిరాని సామాను' అని రాసిన చోట సంతకం పెట్టి
సైకిలు సంచీలో వేసుకొచ్చాను.

నాలుగు రోజులు నానబెట్టాం.
అతను బ్లేడుతో కోశాడు, నేను గుంటల్లో ఒత్తాను.
గాజుపలక మీద గరుకు కాగితం పరిచి
పళ్లేన్ని గుండ్రంగా, గుండ్రంగా అరగదీశాం.
ఒక బిరడా ఇంకా దగ్గు మందు వాసనేస్తోంది.
"జలుబు సెయ్యదు దీనికి"
అన్నాడు, నవ్వకుండా.

ఈ బి.ఎస్.ఏ.కి పానాలు వేరు.
మన పదమూడు వదులు, మన పన్నెండు ఎక్కదు.
దానికి సరిపోయే సెట్టు
జిల్లా మొత్తానికి తన దగ్గరే ఉందని తనే చెప్పేవాడు.
చూడనిచ్చేవాడు. అరువివ్వడు.

తొక్కడానికీ ఒక మర్యాద ఉంది.
వేలికి పెట్రోలు తడి తగిలేదాకా
కార్బురేటరు బొడిపె నొక్కాలి.
నిప్పు మీట వెనక్కి లాగాలి.
లోపల ఏదో బరువుగా అడ్డుపడేదాకా
కిక్కరు మెల్లగా దించాలి,
ఆగాలి,
అప్పుడు తొక్కాలి.
తొందరపడితే అదే మనల్ని తొక్కుతుంది.
నా కుడి మోకాలి మచ్చ గురించి ఎవరైనా అడిగితే
కుక్క కరిచిందంటాను.

దాలమ్మ దాని కింద పాత పెనం పెట్టింది.
పొద్దున్నే చుక్కలు చూసి
"ఇయ్యాల దీనికి ఒంట్లో బాలేదు" అంటుంది.
మొన్న పెనం పొడిగా ఉంటే
ఇద్దరం కాఫీ వదిలేసి ఆయిలు మూత తీశాం.

విశాఖ నుంచి ఒకాయన కారులో వచ్చాడు.
హోటల్లో, అద్దం వెనక, దీపాల కింద నిలబెడతాడట.
టాంకు మీద మూడు తుపాకుల గుర్తును
చూపుడువేలితో తడిమాడు.
మూడు లక్షలన్నాడు.
దాలమ్మ నా వైపు చూడలేదు.
"స్టార్టు చేసి వినిపించనా?" అన్నాను.
"అవసరం లేదండీ" అన్నాడు.
బేరం అక్కడితో సరి.

గుంపస్వామి పోయిన వానాకాలం పోయాడు.
కొడుకు బ్యాటరీ స్కూటర్లు బాగుచేస్తాడు,
చప్పుడు లేని షెడ్డు.
కర్మ అయిన మర్నాడు
బొబ్బిలి బస్సులో ఒక గోనెమూట పంపాడు.
పానాలు, సెట్టు మొత్తం.
అడుగున గుడ్డలో ముడేసిన బిరడాలు,
అన్నీ కొలతకు కోసి, అరగదీసి.
ఎప్పుడు కోశాడో.

లెక్కపెట్టాను.
క్లచ్చుకెన్ని గుంటలో అన్నీ ఉన్నాయి,
పైన ఒకటి.

ఆ ఒక్కటీ దాలమ్మ
కొబ్బరినూనె సీసాకు బిగించింది.
సరిగ్గా పట్టలేదు.
కొంచెం కారుతోంది.