పదకొండు సెకన్లు

మూసీ ఒడ్డున పెద్ద దవాఖాన, జనరల్ మెడిసిన్ ఓపీ.
తలుపు పక్కన విరిగిన చేతి కుర్చీలో నేను,
ఒళ్లో ఫారాలు, గుప్పిట్లో స్టాప్‌వాచ్.
రోగి నోరు విప్పగానే నొక్కుతాను,
డాక్టరు అడ్డొస్తే ఆపుతాను.

సగటున పదకొండు సెకన్లు.

డాక్టర్ రుక్సానాని తప్పు పట్టలేను.
నూట పద్నాలుగో చీటీ ఇది,
ఆమె చాయ్ ఎప్పుడో మీగడ కట్టింది.

"షుగరు దిగట్లేదేంది మణెమ్మా, గోలీలు ఏసుకుంటున్నవా?"
"ఏసుకుంటున్న మేడం, గని..."
ఆ 'గని' దగ్గరే వాచీ ఆగింది.
మోతాదు పెరిగింది.

మందుల వరసలో
నన్నూ దవాఖాన మనిషే అనుకుని చెప్పింది:
"సగం ఇరిసి మా యారాలికిస్త బిడ్డా,
ఆమెకు కార్డు లేదు."

ఫారం తిరగేశాను.
వయసుకు గడి ఉంది, బీపీకి ఉంది,
కూచున్న నిమిషాలకు కూడా ఉంది.
సగం గోలీని అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను.

మర్నాడు ఆ కాగితం డాక్టరు ముందు పెట్టాను.
చాలాసేపు చూసింది. ఎంతసేపో కొలవలేదు.

తర్వాత ధూల్‌పేట ముసలాయన
చెబుతూ చెబుతూ దగ్గొచ్చి ఆగాడు.
ఆమె పెన్ను కింద పెట్టింది.

నా బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది.