ముప్పై రేకులు

రోజూ వెనీలా వాసన
మనిషి కంటే ముందే ఇంటికొచ్చేది.
ఇవాళ మనిషే ముందొచ్చాడు
సంబావా సంతలో త్రాసు పని పోయిందని చెప్పడానికి.

షావుకారు అడిగింది పెద్ద పనేం కాదట.
తూకపురాళ్ళ పళ్ళెం అడుగున
వేలెడంత సీసం.
బదులుగా మా ఇంటికి ముప్పై రేకులు, మేకులతో సహా.

"ముప్పై" దగ్గరే ఆగిపోయాడు జఫిసోలు.
తర్వాతెప్పటికో అన్నాడు:
"కొండ దిగొచ్చే ఆ ముసలమ్మ
కాయకాయకీ సూదితో తన గుర్తు పొడుచుకుంటుంది.
పైన ఆమె పేరుంటే
కింద సీసమెలా పెట్టను, వొలతియానా?"

ఆదివారం గుడిలో నా గొంతే పెద్దది.
అయినా ఆ రాత్రి ప్రార్థన రాలేదు,
రేకులు లెక్కపెట్టాను.
వంటింటికి పన్నెండు.
పిల్లల వైపు పది.
ఇంకా ఎనిమిది మిగిలేవి!

వాన పట్టుకుంది.
ఆకుల కప్పు కారినచోటల్లా
గిన్నె, బొచ్చె,
చివరికి బల్ల మీది పూలడబ్బా కూడా.

అతను నిద్రపోతున్నాడు
పళ్ళేలు రెండూ ఖాళీ అయిన త్రాసులా
ఎటూ ఒరగకుండా.

కోపం పోలేదు.
అతని నుదుటి మీద పడబోయే చుక్కకి
చెయ్యి అడ్డం పెట్టాను.
తెల్లారేదాకా
అలాగే.